నాన్నగారి అంబాసిడర్: తుక్కుకా, రోడ్డుకా?

భీమవరం దగ్గరి పల్లె నుంచి వచ్చి హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న ఒక పాఠకుడు పొడుగాటి ఉత్తరం రాశారు. క్లుప్తంగా సంగతి ఇది. ఆయన నాన్నగారు రైస్ మిల్లు నడిపేవారు. 1978లో కొన్న పెట్రోలు అంబాసిడర్, మార్క్ 3, మిల్లు షెడ్డులోనే ఉంది. 2012లో నాన్నగారు పోయాక దాన్ని ఎవరూ తీయలేదు. ఇప్పుడు మిల్లు లీజుకు తీసుకున్నవాళ్ళు సంక్రాంతిలోపు షెడ్డు ఖాళీ చేయమంటున్నారు. తుక్కు వ్యాపారి 42 వేలు ఇస్తానన్నాడు, ఇచ్చేద్దామని అన్నయ్య. నాన్న కారు జోలికి వెళ్ళొద్దని విశాఖలో ఉన్న అక్క. 74 ఏళ్ళ అమ్మకేమో ఒక్కసారి ఆ కారులో ద్వారకా తిరుమల వెళ్ళాలని ఉంది. ఊళ్ళో మెకానిక్ బ్యాటరీ తెచ్చి సెల్ఫ్ కొడితే "టక్" అని ఆగిపోయింది. ఇంజన్ పట్టేసింది, పాత ట్యాక్సీ డీజిల్ ఇంజన్ వేసేద్దాం, లక్షా ఇరవై అవుతుందన్నాడు. హైదరాబాదులో ఒక రిస్టోరేషన్ షాపు ఫోటోలు చూసే ఏడున్నర లక్షలు చెప్పింది. ఈయన దగ్గర ఉన్నది రెండు లక్షలు. ఆర్‌సి గడువు 2013తో అయిపోయింది, అదీ నాన్నగారి పేరునే ఉంది. "ఇంట్లో అందరికీ అంతా తెలుసు, నాకే ఏమీ తోచడం లేదు. ఏం చేయమంటారు?" అని ముగించారు.

సమాధానం

మీ ఉత్తరంలో మూడు చిక్కులు కలిసిపోయాయి: కారు ఎవరిది, కారు ఏ స్థితిలో ఉంది, దానితో ఏం చేయాలి. మీ ఇంట్లో వాదనంతా మూడోదాని మీదే నడుస్తోంది. మొదటి రెండూ తేలకుండా అది తేలదు. పైగా రెండోది తేల్చుకోవడానికి పెద్దగా ఖర్చు కూడా లేదు, ఒక ఆదివారం చాలు.

ముందు ఎవరిదో చూద్దాం. నాన్నగారు వీలునామా రాయకపోతే ఆ కారులో అమ్మగారికి, అన్నయ్యకు, అక్కకు, మీకు సమాన హక్కు ఉంది. అంటే అన్నయ్య ఒక్కరే దాన్ని తుక్కుకు వేయలేరు, మీరొక్కరే దాని మీద రెండు లక్షలు పోసి తర్వాత నాదే అనలేరు. మీ పేరు మీదికి మార్చాలంటే ఫారం 31, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా ముగ్గురూ అభ్యంతరం లేదని రాసిచ్చిన అఫిడవిట్లు కావాలి. గడువు ఎప్పుడో దాటింది కాబట్టి ఆలస్య రుసుము కూడా పడుతుంది. స్పానర్ పట్టకముందే ఈ సంతకాలు తీసుకోండి. డబ్బు పెట్టాక అడిగితే ఆ సంతకాల ధర మారిపోతుంది. అన్నయ్యకు 42 వేలలో తన వాటా ముఖ్యమైతే ఆ పదిన్నర వేలు ఇప్పుడే ఇచ్చేయండి. ఈ వ్యవహారంలో అంత చవకగా తెగే ముడి మరొకటి లేదు.

తుక్కు మాటకొస్తే, ఊళ్ళో పాత ఇనుము కొనేవాళ్ళకు ఆర్‌సితో సహా ఇచ్చేస్తే ఆ నంబరు రికార్డుల్లో మీ నాన్నగారి పేరుమీదే మిగిలిపోతుంది. రేపు ఆ నంబరు ఇంకో బండి మీద కనబడినా నోటీసు మీ ఇంటికే వస్తుంది. నిజంగా అదే నిర్ణయమైతే ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి, సర్టిఫికెట్ తీసుకుని, ఆర్‌సి రద్దు చేయించండి.

ఇక సంక్రాంతి గడువు. కారును షెడ్డులోంచి తాడు కట్టి లాగొద్దు, అన్నిటికంటే ఎక్కువ నష్టం ఆ అరగంటలోనే జరుగుతుంది. ఇన్నేళ్ళు నిలబడిన బండికి బ్రేకు షూలు డ్రమ్ములకు అతుక్కుపోతాయి. చక్రం తిరగకుండా ఈడ్చుకొస్తే వెనక స్ప్రింగులను బాడీకి పట్టి ఉంచే హ్యాంగర్లు, తుప్పు పట్టిన చోట రేకు చిరుగుతాయి. ముందు హ్యాండ్‌బ్రేక్ వదలండి, గేరు న్యూట్రల్‌లో పెట్టండి. ఒక్కో చక్రం జాకీతో లేపి చేత్తో తిప్పి చూడండి. తిరగకపోతే చక్రం విప్పి, బ్రేక్ అడ్జస్టర్ వదులు చేసి, డ్రమ్ము అంచున సుత్తితో చుట్టూ తట్టండి. జాకీ మీద లేపిన కారు కిందికి ఎవరూ దూరకూడదు, స్టాండ్లు తప్పనిసరి. నాలుగు చక్రాలూ తిరిగాక ఫ్లాట్‌బెడ్ లారీ పిలిపించండి. వర్షం పడని, గాలి ఆడే చోట సిమెంటు నేల మీద స్టాండ్లపై నిలపండి. బానెట్ ఎత్తేముందు, సీట్ల కింద చెయ్యి పెట్టేముందు కర్రతో కదిలించి చూడండి. తవుడూ ఊకా ఉన్న మిల్లులో ఎలుకలు ఉంటాయి, ఎలుకలున్న చోటికి పాములూ వస్తాయి.

మీ మెకానిక్ విన్న "టక్" శబ్దానికి ఇంజన్ పట్టేయడం ఒక్కటే కారణం కాదు. బ్యాటరీ ఎర్త్ వైరు బాడీకి తగిలే చోట తుప్పున్నా, ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఎర్త్ పట్టీ తెగినా అదే శబ్దం వస్తుంది. స్టార్టర్ పళ్ళచక్రం ఫ్లైవీల్ పళ్ళలో ఇరుక్కున్నా అంతే. ఈ పాత లూకాస్ కంపెనీ తరహా స్టార్టర్ వెనక చివర చిన్న మూత కింద షాఫ్ట్ కొస నలుపలకగా ఉంటుంది. దానికి స్పానర్ వేసి తిప్పితే ఇరుక్కున్న పళ్ళచక్రం వదులుతుంది. అది చూడకుండానే ఇంజన్ పోయిందని తీర్మానించిన మనిషి చేతికి బండి ఇవ్వకండి. ఇంకొకటి, బ్యాటరీ తగిలించే ముందు ఏ టెర్మినల్ బాడీకి వెళ్తోందో చూడండి. ఆ తరం బండ్లలో కొన్నింటికి పాజిటివ్‌ను ఎర్త్ చేసేవారు. అలవాటుగా నెగెటివ్ కలిపేస్తే డైనమో, రెగ్యులేటర్ దెబ్బతింటాయి.

ఇంజన్ నిజంగా పట్టేసిందో లేదో ఇలా తెలుస్తుంది. నాలుగు ప్లగ్గులూ విప్పండి. ఒక్కో సిలిండర్లోకి ఓ 30 మి.లీ. ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో వాడే ఆయిల్ (ఏటీఎఫ్), అసిటోన్ సమపాళ్ళలో కలిపి పోయండి. దొరక్కపోతే డీజిలు, ఇంజనాయిలు కలిపినా పనిచేస్తుంది, కాస్త నిదానంగా. మూడు నాలుగు రోజులు వదిలేయండి. తర్వాత బంపరు దగ్గర హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పండి, ముందుకూ వెనక్కూ, కొద్దికొద్దిగా. కదలకపోతే ఇంకోసారి పోసి వారం ఆగండి. బలం వాడొద్దు, పొడుగాటి పైపు తగిలించొద్దు. కదిలాక ఇంజన్ పైమూత, అంటే రాకర్ కవర్, విప్పి, మళ్ళీ తిప్పుతూ ఎనిమిది వాల్వులూ పైకీ కిందికీ ఆడుతున్నాయో లేదో చూడండి. ఒక వాల్వు గైడులో బిగుసుకుని ఉండగా సెల్ఫ్ కొడితే వాల్వును కదిపే పుష్‌రాడ్ వంగుతుంది. ఇవన్నీ తేలేదాకా సెల్ఫ్ జోలికి వెళ్ళకూడదు. ఇది బిఎమ్‌సి అనే బ్రిటిష్ కంపెనీ రూపొందించిన బి-సిరీస్, 1489 సీసీ, బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే. చాలా ఓర్పున్న ఇంజన్. సిలిండర్లలోకి నీళ్ళు చేరి తుప్పు పట్టి ఉంటే తప్ప, నీడలో నిలబడిన ఇంజన్ ఎక్కువగా ఇలాగే విడిపోతుంది.

అయితే మీ నిర్ణయాన్ని తేల్చేది ఇంజన్ కాదు, రేకు. అంబాసిడర్‌కు జీపులా విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. గోదావరి డెల్టా చెమ్మలో ఇన్నేళ్ళున్న కారులో ముందు పోయేది డోర్ల కింద పొడవునా ఉండే సిల్ పెట్టెలు, వాటి చివర్లలోని జాకీ పాయింట్లు. తర్వాత కాళ్ళ కింది ఫ్లోరు, వెనక లీఫ్ స్ప్రింగులు తగిలే చోట్లు, డిక్కీలో స్టెప్నీ గుంట. అన్నిటికంటే ముఖ్యం ముందు సీటు కింద అడ్డంగా దూలంలా ఉండే మెంబరు. ముందు చక్రాల సస్పెన్షన్‌ను మోసే, స్ప్రింగుల్లా మెలి తిరిగే కడ్డీల (టార్షన్ బార్ల) వెనక కొసలు దానికే బిగించి ఉంటాయి. కార్పెట్లు, రబ్బరు మ్యాట్లు తీసేసి, ఈ చోట్లన్నిటినీ మొద్దు స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. "ఠంగ్" అంటే రేకు ఉంది. మెత్తగా దిగిపోతే లేదు. పైన రంగు బాగానే కనిపించినా అయస్కాంతం పట్టుకుని తిప్పండి, అతుక్కోని చోట కింద ఉన్నది పుట్టీ. ఒకటి రెండు చోట్ల చిల్లులుంటే మంచి టింకరింగ్ పనివాడు కోసి కొత్త రేకు వెల్డింగ్ చేస్తాడు. టార్షన్ బార్ మెంబరు, రెండు వైపులా సిల్లులు, స్ప్రింగు హ్యాంగర్లు అన్నీ పోయి ఉంటే మాత్రం అది వేరే లెక్క. అప్పుడు మీ రెండు లక్షలు చాలవు.

ఆ ఆదివారం తర్వాత మీ ముందు నాలుగు దారులుంటాయి.

మొదటిది, ప్రస్తుతానికి రోడ్డెక్కించకుండా కాపాడటం. సిలిండర్లలో ఆయిల్ పోసి, పాత పెట్రోలు, పాత నీళ్ళు వంపేసి, సైలెన్సర్ గొట్టానికి, ఎయిర్ క్లీనర్‌కు ఎలుకలు దూరకుండా ఇనుప జాలీ కట్టి, స్టాండ్ల మీద గాలి ఆడే బట్ట కవర్ వేస్తే మరో రెండేళ్ళు మరింత పాడవకుండా ఉంటుంది. ప్లాస్టిక్ టార్పాలిన్ మాత్రం వద్దు, లోపల చెమ్మ పట్టి రేకు ఇంకా తొందరగా పోతుంది. ఈ దారిలో కుటుంబానికి ఆలోచించుకునే సమయం దొరుకుతుంది. అమ్మగారి కోరిక మాత్రం తీరదు.

రెండోది, మెరుపు సంగతి పక్కన పెట్టి నడిచేలా చేయడం. రేకు గట్టిగా ఉంటే నేను మొగ్గేది దీనికే, మీ రెండు లక్షలు సరిపోయేదీ దీనికే. బ్రేకులు, టైర్లు, పెట్రోలు లైను, వైరింగు, రేడియేటర్ చేయించి, పాత రంగూ పాత సీట్లూ అలాగే ఉంచేయండి. రంగు ఎప్పుడైనా వేయించుకోవచ్చు.

మూడోది, ఏడున్నర లక్షల పూర్తి రిస్టోరేషన్. ఫోటోలు చూసి చెప్పిన ధర ధర కాదు. తుప్పు ఎంతుందో రంగు గీకితే గానీ తెలియదు, గీకాక ధర పెరుగుతుంది. ఈ దారిలో మామూలుగా జరిగే ప్రమాదం ఒకటుంది. బండి ముక్కలు ముక్కలుగా విప్పాక డబ్బు అయిపోతుంది, ముక్కలు డబ్బాల్లో చెదిరిపోతాయి, ఆ స్థితిలో దాన్ని ఎవరూ కొనరు కూడా. వెళ్ళేట్టయితే పనిని దశలుగా విడగొట్టి, దశ పూర్తయ్యాకే డబ్బిచ్చేలా రాయించుకోండి. విప్పిన ప్రతి సామాను ఫోటో తీసి, పేరు రాసిన సంచిలో ఉంచమనండి. మార్చిన పాత సామాను మీకే తిరిగి ఇవ్వాలని ముందే చెప్పండి.

నాలుగోది, పాత కార్లంటే ప్రాణమిచ్చేవాళ్ళకు అమ్మడం. నిలబడ్డ కారుకంటే నడిచే కారుకు, కాగితాలు సరిగ్గా ఉన్న కారుకు చాలా ఎక్కువ వస్తుంది. ఎటు వెళ్ళినా కాగితాల పని వృథా కాదు.

డీజిల్ ఇంజన్ మాటకు నేను ఒప్పుకోను. ఇంజన్ మార్చాలంటే ముందే ఆర్‌టీఓ అనుమతి కావాలి, ఆర్‌సిలో ఎక్కించాలి. బరువు మారితే ముందు సస్పెన్షన్ కిందికి కూర్చుంటుంది. అన్నిటికీ మించి ఈ కారు అసలుదనం పోతుంది. 2028లో దీనికి 50 ఏళ్ళు నిండుతాయి. వింటేజ్ వాహనంగా గుర్తింపు కావాలంటే ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మారి ఉండకూడదు.

రెండో దారి పట్టినప్పుడు డబ్బు మొదట వెళ్ళాల్సింది బ్రేకులకు. ఇంజన్ ఎక్కడ ఆగినా మీరు క్షేమంగానే దిగుతారు, బ్రేకు ఆగితే దిగలేరు. ఈ బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, హైడ్రాలిక్ లైను ఒకటే. ఎక్కడ లీకైనా పెడల్ మొత్తం నేలకు తగులుతుంది. బ్రేక్ ఆయిల్ గాల్లోని చెమ్మను పీలుస్తుంది. ఆ చెమ్మ పెడల్‌తో కదిలే మాస్టర్ సిలిండర్, చక్రాల దగ్గరుండే వీల్ సిలిండర్ల లోపల గుంటలు పెడుతుంది. గుంటలు పడ్డ సిలిండర్‌కు కొత్త రబ్బరు కిట్టు వేసినా నెలలో మళ్ళీ కారుతుంది. కాబట్టి కిట్టుతో సరిపెట్టకుండా సిలిండర్లే కొత్తవి వేయించండి, లేదా లోపల కొత్త లోహపు గొట్టం (స్లీవ్) వేయించండి. రబ్బరు హోసులన్నీ మార్చాల్సిందే. బయట బాగున్నా లోపల ఉబ్బి దారి మూసుకుపోతాయి, అప్పుడు బ్రేకు పడుతుంది కానీ వదలదు. ఇనుప గొట్టాలను క్లిప్పులు తీసి చూడండి, తుప్పు దాక్కునేది క్లిప్పుల కిందే. డాట్ 3 లేదా డాట్ 4 ఆయిల్ పోసి, మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి గాలి తీయించండి. పాత టైర్లు ఎంత గీత ఉన్నా పనికిరావు, ట్యూబులతో సహా 5.90-15 సైజు కొత్తవి వేయండి, స్టెప్నీతో కలిపి అయిదు.

పెట్రోలు విషయం. పాత పెట్రోలు ట్యాంకులో జిగురుగా మారి ఉంటుంది. ట్యాంకు దించి కడిగించేదాకా దాన్ని ఇంజన్‌కు కలపొద్దు. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఒక లీటరు డబ్బాలో కొత్త పెట్రోలు పోసి, ఇంజన్ వేడికి దూరంగా, కార్బ్యురేటర్ కంటే ఎత్తులో గట్టిగా కట్టి నేరుగా పైపు ఇవ్వండి. పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని ఒక మనిషి నిలబడాలి. కార్బ్యురేటర్ విప్పి జెట్లు, ఫ్లోటు, నీడిల్ శుభ్రం చేయించండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది ఆ కాలం నాటి రబ్బరును మెత్తబరుస్తుంది, పెట్రోలు పంపులోని పొరను (డయాఫ్రంను) పాడుచేస్తుంది. అందుకే ఇథనాల్ తట్టుకునే పైపులు, కొత్త డయాఫ్రం వేయించండి. బండి నెలకు మించి నిలబడేట్టయితే కార్బ్యురేటర్‌లోంచి పెట్రోలు వంపేయండి. సీసం లేని పెట్రోలుతో వాల్వు సీట్లు అరుగుతాయని ఎవరైనా భయపెట్టొచ్చు. దేశమంతా 2000 నుంచి సీసం లేని పెట్రోలే, నాన్నగారు 2012 దాకా దానితోనే నడిపారు. ట్యాపెట్ గ్యాప్, అంటే వాల్వుకూ రాకర్‌కూ మధ్య సందు, అంగుళాన్ని వెయ్యి వంతులు చేస్తే అందులో 15, అంటే 0.38 మి.మీ. అయిదు వేల కిలోమీటర్లకోసారి చూడండి. ఎగ్జాస్ట్ వైపు గ్యాప్ మాటిమాటికీ తగ్గిపోతుంటేనే సీట్లు అరుగుతున్నట్టు. ఎప్పుడైనా హెడ్డు విప్పాల్సొస్తే అప్పుడు గట్టి సీట్లు వేయించుకోవచ్చు, దానికోసమే విప్పనక్కర్లేదు.

స్టార్ట్ చేసే రోజు పాత ఆయిల్ దించి, కొత్త ఫిల్టర్‌తో 20డబ్ల్యు-50 మినరల్ ఆయిల్ పోయండి. నాలుగు లీటర్లకు కాస్త అటూ ఇటూ పడుతుంది, డిప్‌స్టిక్ చూసుకోండి. స్పార్కు కోసం ఉండే కాంటాక్ట్ పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ., ప్లగ్గు గ్యాప్ 0.6 మి.మీ., ఫైరింగ్ వరస 1-3-4-2. ప్లగ్గులు లేకుండానే, రంధ్రాల మీద గుడ్డ కప్పి, ఆయిల్ ప్రెషర్ కనబడేదాకా సెల్ఫ్ తిప్పండి. సిలిండర్లలో పోసిన ద్రవం బయటికి చిమ్మేది కూడా అప్పుడే. తర్వాతే ప్లగ్గులు బిగించండి. మొదటి నిమిషాల్లో దట్టంగా పొగ వస్తుంది, అది పోసిన ఆయిల్ కాలడం, కంగారు పడకండి. రేడియేటర్‌లో బోరు నీళ్ళు పోయకండి. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ వాడండి. ఇంజన్ పక్కన గుండ్రటి రేకు మూతలు ఉంటాయి, వాటర్ డమ్మీలు అంటారు. వాటి దగ్గర చెమర్చితే వెంటనే మార్పించండి. వైరింగును ఎలుకలు కొరికి ఉంటాయని అనుకునే మొదలుపెట్టండి. ఈ బండికి ఫ్యూజులు రెండే కాబట్టి బ్యాటరీ దగ్గర కటాఫ్ స్విచ్ తప్పక పెట్టించండి.

సామాను గురించి దిగులు వద్దు. అంబాసిడర్లు చేసిన బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో తయారీ ఆగింది 2014లో. విజయవాడ ఆటోనగర్, చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్లలో ఇంకా వెతికితే దొరుకుతుంది. ఒక్కటే జాగ్రత్త, బ్రేకు సామాను విషయంలో పేరులేని డబ్బా కొనకండి.

రిజిస్ట్రేషన్. పెట్రోలు కార్లకు 15 ఏళ్ళ నిషేధం ఢిల్లీ చుట్టుపక్కలకే, ఆంధ్రకు కాదు. ఇక్కడ బండి తనిఖీలో పాసైతే అయిదేళ్ళకు రెన్యువల్ చేస్తారు: ఫారం 25, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, గ్రీన్ టాక్స్. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు రెన్యువల్ రుసుము ఇప్పుడు పది వేలు. పాత పుస్తకం ఆర్‌సి కాబట్టి కంప్యూటర్‌లో వివరాలు లేకపోవచ్చు, ముందుగా వెళ్ళి ఆ పాత వివరాలు అందులోకి ఎక్కించే బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించండి. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు తుప్పు గీకి స్పష్టంగా కనిపించేలా ఉంచండి. 2028 దాకా ఆగి వింటేజ్ కింద చేయించుకుందామని ఎవరైనా అంటే దాని షరతు కూడా తెలుసుకోండి. 2021 నిబంధనల ప్రకారం పాత నంబరు నిలుపుకోవచ్చు, రిజిస్ట్రేషన్ పదేళ్ళు ఉంటుంది. కానీ ఆ కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తప్ప రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు. అమ్మగారి కోరిక దృష్టిలో పెట్టుకుంటే మామూలు రెన్యువలే మీకు సరైనది.

సంక్రాంతికల్లా కారును షెడ్డులోంచి క్షేమంగా దించడం సాధ్యమే, ద్వారకా తిరుమల వెళ్ళడం మాత్రం సాధ్యం కాదు. ఆ మాట అమ్మగారికి ఇప్పుడే చెప్పండి. పని మొదలుపెట్టాక బ్రేకు సామానుకు, ఆర్‌టీఓకు కలిపి నాలుగైదు నెలలైనా పడుతుంది. రోడ్డెక్కాక మొదట ఊరి చుట్టుపక్కలే తిప్పండి. వంద కిలోమీటర్లకు ఆయిల్ మార్చండి, ఎందుకంటే లోపలి మడ్డి కదిలి వచ్చేది అప్పుడే. చక్రాల నట్లు మళ్ళీ బిగించండి, ప్రతిసారీ బండి నిలిపిన చోట నేల మీద చుక్కలు చూడండి. ముందు చక్రాల దగ్గరి గ్రీజు నిపుల్స్ అన్నిటికీ గన్నుతో గ్రీజు ఎక్కించండి. ఎండలో, ట్రాఫిక్‌లో కనీసం మూడు వందల కిలోమీటర్లు తిరిగి, ఉష్ణోగ్రత ముల్లు ఎక్కకుండా, బ్రేక్ పెడల్ ఎత్తు మారకుండా ఉన్నాకే అమ్మగారిని ఎక్కించుకుని బయలుదేరండి. తెల్లవారుజామున వెళ్ళండి. డిక్కీలో ఫ్యాన్ బెల్టు, ఒక జత పాయింట్లు, కండెన్సర్, అయిదు లీటర్ల నీళ్ళు పెట్టుకోండి.